గ్రీన్‌కార్డుకు సొంతంగా పిటిషన్ వేసుకోవడం ఎలా? సీమ నుంచి అమెరికా వెళ్లిన విద్యార్థుల కోసం, పరిశోధకుల కోసం

పోయిన సంక్రాంతికి నేను అనంతపురంలో ఉన్నప్పుడు పక్కింటి పెద్దమ్మ స్వీట్ల డబ్బా తెచ్చి మా అమ్మ చేతిలో పెట్టింది. “మావాడికి ఐ-140 అప్రూవ్ అయిందంటమ్మా, ఇంక గ్రీన్‌కార్డు వచ్చినట్టే” అంది. అమ్మ నా వైపు చూసింది. ఐ-140 అంటే ఉద్యోగ కోటాలో గ్రీన్‌కార్డు కోసం ముందుగా వేసే పిటిషన్. నాది అప్రూవ్ అయి మూడేళ్లు దాటింది, కార్డు మాత్రం రాలేదు. పండగ పూట ఎందుకులే అని మైసూర్‌పాక్ నోట్లో వేసుకుని ఊరుకున్నాను.

ఆ రోజు ఆమెకు చెప్పనిదంతా ఇక్కడ రాస్తున్నాను. కంపెనీ స్పాన్సర్ చేయకపోయినా, మన చదువునూ పరిశోధననూ చూపించి మనకు మనమే పిటిషన్ వేసుకునే దారులు రెండున్నాయి. ఒకటి ఈబీ-2 ఎన్‌ఐడబ్ల్యూ (దేశ ప్రయోజనం చూసి ఉద్యోగ ఆఫరు షరతును వదిలేయమని అడిగేది), రెండోది ఈబీ-1ఏ (రంగంలో అసాధారణ ప్రతిభ ఉన్నవాళ్లకు). రెండూ నిజమైన దారులే. కానీ ఇండియాలో పుట్టినవాళ్లకు పిటిషన్ గెలవడం సగం పని మాత్రమే, మిగతా సగం క్యూ. కర్నూలు బస్టాండులో బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి సీటు మీద తువ్వాలు వేస్తామే, ఇక్కడా అదే పని చేయాలి. కూర్చోవడం సంగతి తర్వాత, ముందు తువ్వాలు పడాలి. నేను లాయరును కాను, ఈ దారిలో నడుస్తున్నవాణ్ణి. మీ కేసులో మెలికలుంటే లాయరుకు చూపించుకోండి.

1. ముందు క్యూ లెక్క

అమెరికా ఉద్యోగ కోటాలో ఏడాదికి సుమారు 1,40,000 గ్రీన్‌కార్డులు ఇస్తుంది. 1990 చట్టం ప్రకారం ఏ ఒక్క దేశంలో పుట్టినవాళ్లకూ అందులో 7 శాతం మించి వెళ్లకూడదు. ఈబీ-2 వాటా మొత్తంలో 28.6 శాతం. లెక్క వేస్తే ఈబీ-2లో ఇండియాకు వచ్చేవి ఏటా దాదాపు 2,800. వేరే దేశాలవాళ్లు వాడుకోక మిగిలినవి కలిస్తే ఇంకొన్ని. ఆ అంకెలోనే భార్యాపిల్లల కార్డులు కూడా లెక్కే.

మీ ఐ-140 ప్రభుత్వానికి అందిన రోజే మీ ప్రయారిటీ డేట్. అదే మన తువ్వాలు. అమెరికా విదేశాంగ శాఖ ప్రతి నెలా వీసా బులెటిన్ ఇస్తుంది. అందులోని తేదీ మీ తేదీని దాటితేనే చివరి మెట్టయిన ఐ-485 వేయగలరు. 2025లో ఈబీ-2 ఇండియా తేదీ 2013 దగ్గర నడిచింది, ఈబీ-1 ఇండియా 2022 దగ్గర. అంటే ఈబీ-2లో పన్నెండేళ్ల కిందట తువ్వాలు వేసినవాళ్లు ఇప్పుడు కూర్చుంటున్నారు.

ఇక్కడ రెండు వెసులుబాట్లున్నాయి, చాలామంది పట్టించుకోరు. మొదటిది, ఒకసారి అప్రూవ్ అయిన ఐ-140 తేదీని తర్వాత వేసే పిటిషన్‌కు మోసుకుపోవచ్చు. 2024లో ఎన్‌ఐడబ్ల్యూ వేసి గెలిచి, 2027లో ఈబీ-1ఏ కూడా గెలిస్తే, ఈబీ-1 క్యూలో మీ తేదీ 2024దే అవుతుంది. అందుకే ‘ఈబీ-1ఏ స్థాయికి ఎదిగాకే వేస్తా’ అని కూర్చోవడం నా దృష్టిలో తప్పు. ఎన్‌ఐడబ్ల్యూ అర్హత వచ్చిన రోజే వేసేయండి, ఈబీ-1ఏ తర్వాత చూసుకుందురు గానీ.

రెండోది మన ఉమ్మడి కడప జిల్లావాళ్లకు బాగా పనికొచ్చేది. క్యూలో చూసేది పాస్‌పోర్టు ఏ దేశానిదని కాదు, పుట్టిన దేశాన్ని. రాజంపేట, రాయచోటి వైపు ఎన్ని కుటుంబాలు కువైట్‌లో ఉండి వచ్చాయో మీకు తెలుసు. మీరు అక్కడి ఆసుపత్రిలో పుట్టి ఉంటే, చేతిలో ఇండియన్ పాస్‌పోర్టున్నా మీరు నిలబడేది కువైట్ క్యూలోనే. మీ భార్యో భర్తో అక్కడ పుట్టి ఉన్నా వాళ్ల దేశపు లెక్కను మీరు వాడుకోవచ్చు. ఒక్క మాటతో పదేళ్లు కలిసొస్తాయి. పిల్లలు పుట్టిన దేశం మాత్రం తల్లిదండ్రులకు పనికిరాదు.

2. రెండు దారుల్లో ఏది?

ఎన్‌ఐడబ్ల్యూకు ముందు ఈబీ-2 అర్హత ఉండాలి. మాస్టర్స్ గానీ పీహెచ్‌డీ గానీ, లేదా బీటెక్ మీద అదే రంగంలో ఐదేళ్లు మెట్టుమెట్టుగా పెరిగిన అనుభవం గానీ. ఆ తర్వాత 2016 డిసెంబరులో వచ్చిన ధనసర్ కేసు తీర్పులోని మూడు ప్రశ్నలకు జవాబివ్వాలి. మీరు చేయబోయే పనికి విలువ, దేశానికంతటికీ ప్రాముఖ్యం ఉన్నాయా? ఆ పనిని ముందుకు తీసుకెళ్లే సత్తా మీకుందా? ఉద్యోగ ఆఫరు, లేబర్ సర్టిఫికేషన్ (ఆ ఉద్యోగానికి అమెరికావాళ్లు దొరకలేదన్న కార్మిక శాఖ ధ్రువీకరణ) అనే షరతులను మీకోసం వదిలేస్తే అమెరికాకు లాభమా?

ఈబీ-1ఏ ఇంకో మెట్టు పైన. పది ప్రమాణాల్లో కనీసం మూడు చూపించాలి. పరిశోధకులకు సాధారణంగా కలిసొచ్చేవి ప్రచురించిన పేపర్లు, ఇతరుల పేపర్లకు పీర్ రివ్యూ చేయడం (ప్రచురణకు ముందు చదివి తూకం వేయడం), రంగంలో పెద్ద ప్రభావం చూపిన సొంత కృషి. మూడు గళ్లు నిండాయి కదా అని సంబరపడొద్దు. ఆ తర్వాత అధికారి మొత్తం ఫైలు చూసి, ఈ మనిషి నిజంగా ఆ రంగంలో పైవరుసలో ఉన్నాడా అని ఇంకోసారి తూకం వేస్తారు. కేసులు ఎక్కువగా అక్కడే పోతాయి.

కర్నూలు మెడికల్ కాలేజీలో చదివి అమెరికాలో రెసిడెన్సీ చేస్తున్న డాక్టర్లకు వేరే ఎన్‌ఐడబ్ల్యూ ఉంది. వైద్యుల కొరత ఉన్న ప్రాంతంలో ఐదేళ్లు ఫుల్‌టైం పనిచేస్తామని ఒప్పుకోవాలి. జే-1 (ఎక్స్ఛేంజ్ వీసా) మీద వెళ్లినవాళ్లు రెండేళ్లు స్వదేశంలో ఉండాలన్న షరతు సంగతి ముందు తేల్చుకోవాలి, లేదంటే ఐ-140 గెలిచినా చివరి మెట్టు దగ్గర ఆగిపోతారు.

3. ‘చేయబోయే పని’ రాసుకోవడం

ఫైలు మొత్తంలో ఎక్కువ రోజులు దీనిమీద కూర్చోండి. మనవాళ్లు రాసే మొదటి డ్రాఫ్టు దాదాపు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది: “నేను వ్యవసాయ శాస్త్రవేత్తను. వ్యవసాయం అమెరికాకు ముఖ్యం. కాబట్టి నేను ముఖ్యం.” ఇది చదివే అధికారి రోజూ ఇలాంటివి డజన్లు చూస్తారు. రంగం ముఖ్యమా అన్నది కాదు ప్రశ్న, మీరు తలపెట్టిన ఫలానా పని ముఖ్యమా అన్నది.

ధనసర్ కేసులోనే చూడండి. ఆయన ఏరోస్పేస్ పరిశోధకుడు, హైపర్‌సోనిక్ ఇంజిన్ల మీద పని. పాఠాలు కూడా చెబుతానన్నాడు. పరిశోధనకు జాతీయ ప్రాముఖ్యం ఉందని ఒప్పుకున్నారు, పాఠాలు చెప్పడానికి లేదన్నారు. ఆ తరగతి గదిలోని పిల్లలకు మేలే, కానీ దాని ప్రభావం దేశమంతా పాకుతుందని చూపించలేదు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో ఉన్నవాళ్లకూ ఇదే చిక్కు. కంపెనీకి మీరెంత ముఖ్యమన్నది ఎన్‌ఐడబ్ల్యూలో లెక్కకు రాదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. మన అనంతపురం అమ్మాయి ఒకరు జార్జియా రాష్ట్రంలో వేరుశనగ మీద పోస్ట్‌డాక్ చేస్తోందనుకోండి. అమెరికాలో వేరుశనగ ఎక్కువగా పండే రాష్ట్రం అదే. కోతకు ముందు వానలు ముఖం చాటేసి ఎండలు ముదిరితే కాయలో ఆస్పర్‌జిల్లస్ బూజు పెరిగి అఫ్లాటాక్సిన్ అనే విషం చేరుతుంది. మన చేలల్లోనూ జరిగేదిదే. అమెరికా ఆహార, ఔషధ సంస్థ (ఎఫ్‌డీఏ) పెట్టిన హద్దు నూరు కోట్ల పాళ్లకు 20 పాళ్లు. అది దాటితే ఆ సరుకు మనుషులు తినడానికి పనికిరాదు. ఇప్పుడు ఆ అమ్మాయి రాయాల్సింది “వేరుశనగ పరిశోధన కొనసాగిస్తాను” అని కాదు. “చివరి దశ బెట్టను తట్టుకుని, అఫ్లాటాక్సిన్ తక్కువ చేరే వంగడాలను ముందే గుర్తించే జన్యు గుర్తులను తయారుచేస్తాను. వాటిని వంగడాలు తయారుచేసే సంస్థలకు అందిస్తాను” అని రాయాలి. దాని కిందే మూడు నాలుగేళ్ల ప్రణాళిక, ఇప్పటిదాకా వచ్చిన ఫలితాలు, ఆమె పద్ధతిని వేరే ల్యాబులు వాడిన ఆధారాలు పెట్టాలి. ఆహార భద్రత మీద అమెరికా ప్రభుత్వ పత్రాల్లో ఈ సమస్యను ప్రస్తావించిన పేజీలను జతచేయాలి. రేకులకుంట పరిశోధన కేంద్రంలో ఎమ్మెస్సీ రోజుల్లో చేసిన పని కూడా ఇక్కడ పనికొస్తుంది. ఆమె నిన్నగాక మొన్న ఈ విషయం పట్టుకోలేదని అది చూపిస్తుంది.

2025 జనవరిలో మార్గదర్శకాలు మార్చాక, మీ డిగ్రీకీ అనుభవానికీ ఈ పనికీ సూటిగా లంకె ఉందా అని ఇంకా గట్టిగా చూస్తున్నారు. సివిల్‌లో మాస్టర్స్ చేసి ఏఐ మీద ఎన్‌ఐడబ్ల్యూ వేసేవాళ్లు ఈ లంకెను విడమర్చి చెప్పాలి.

4. సిఫారసు లేఖలు

ఐదారు చాలు. అందులో సగమైనా మీతో ఎప్పుడూ పనిచేయనివాళ్లవై ఉండాలి. మీ పేపరు చదివి, వాడుకుని, సైట్ చేసినవాళ్లు (తమ పేపర్లో మీ పేపరును ఉటంకించినవాళ్లు). గైడు మెచ్చుకోవడం సహజం, దానికి అధికారి పెద్ద విలువ ఇవ్వరు. ముక్కూమొహం తెలియని ఇంకో దేశపు శాస్త్రవేత్త “ఈ పద్ధతి వాడి మేం ఫలానా ఫలితం సాధించాం” అని ఒక పేరా రాస్తే అది పది పొగడ్తల పెట్టు.

గూగుల్ స్కాలర్‌లో మిమ్మల్ని సైట్ చేసినవాళ్ల జాబితా తీసి, మీ పేరును వాక్యం మధ్యలో, వివరంగా ప్రస్తావించినవాళ్లను ఎంచుకోండి. మర్యాదగా చిన్న ఈమెయిల్ రాయండి. నేను పద్నాలుగు మందికి రాస్తే నలుగురు జవాబిచ్చారు, ముగ్గురు లేఖ ఇచ్చారు. అన్ని లేఖలకూ డ్రాఫ్టు మీరే రాస్తే ఒకే గొంతు వినిపిస్తుంది, చదివేవాళ్లు పట్టేస్తారు.

పీర్ రివ్యూ చేసిన ప్రతిసారీ జర్నల్ పంపిన ఆహ్వానాన్నీ, పూర్తయ్యాక వచ్చిన థాంక్స్ మెయిల్‌నూ ఒక ఫోల్డరులో దాచుకోండి. మూడేళ్ల తర్వాత యూనివర్సిటీ ఈమెయిల్ మూసేశాక నెత్తీ నోరూ బాదుకున్నా దొరకవు.

ఇంకోమాట. ఒక కన్సల్టెన్సీవాళ్లు నాకు ఫోన్ చేసి మూడు లక్షలిస్తే ఒక ‘అంతర్జాతీయ అవార్డు’, ఒక సంఘంలో సభ్యత్వం, పేపర్లో ఒక ఆర్టికల్ ప్యాకేజీగా ఇప్పిస్తామన్నారు. ఫొటోలో శాలువా కూడా కప్పుతారట. అలాంటివి ఫైల్లో పెడితే మిగతా నిజమైన ఆధారాల మీద కూడా అనుమానం పడుతుంది. మోసమని తేలితే అమెరికా వీసాలకే జీవితాంతం అడ్డు పడొచ్చు.

5. ఫారాలు, ఫీజులు

ప్రధాన ఫారం ఐ-140. ఎన్‌ఐడబ్ల్యూకు దీంతోపాటు కార్మిక శాఖ ఫారం ఈటీఏ-9089లోని అపెండిక్స్ ఏ, ఫైనల్ డిటర్మినేషన్ పత్రం కూడా నింపాలి. 2024 ఏప్రిల్ నుంచి ఐ-140 ఫీజు 715 డాలర్లు, సొంతంగా వేసుకునేవాళ్లు దానిమీద అసైలం ప్రోగ్రాం ఫీజు 300 డాలర్లు కట్టాలి. ఈ రెంటినీ విడివిడిగా చెల్లించాలి, కలిపి కడితే ఫైలు వెనక్కి వస్తుంది. 2025 అక్టోబరు చివరి నుంచి కాగితం చెక్కులు తీసుకోవడం లేదు, కార్డుతోనో బ్యాంకు ఖాతా నుంచో కట్టాలి. పోస్టులో వేసే రోజు పొద్దున్నే యూఎస్‌సీఐఎస్ (అమెరికా ఇమిగ్రేషన్ సంస్థ) సైటులో ఫారం ఎడిషన్ తేదీ, ఫీజు మళ్లీ ఒకసారి చూడండి.

ప్రీమియం (ఫైలు త్వరగా చూడటానికి అదనపు ఫీజు) కట్టాలా అని అందరూ అడుగుతారు. ఈబీ-1ఏకు 15 పని దినాల్లో, ఎన్‌ఐడబ్ల్యూకు 45 పని దినాల్లో ఏదో ఒక స్పందన వస్తుంది. 2026 మార్చి నుంచి దాని ఫీజు 2,965 డాలర్లు. ప్రీమియం కట్టినా కట్టకపోయినా మీ తేదీ మారదు. తువ్వాలు అప్పటికే పడింది. హెచ్-1బీ (ఉద్యోగ వీసా) ఆరేళ్లు దగ్గరపడుతుంటేనో, భార్యకు హెచ్-4 (హెచ్-1బీ వాళ్ల కుటుంబ వీసా) మీద పని అనుమతి కావాలంటేనో తప్ప ఆ డబ్బు ఖర్చు పెట్టనక్కర్లేదని నా అభిప్రాయం.

డిగ్రీ కాగితాల్లో సీఎంఎం (మొత్తం మార్కుల మెమో), పీసీ (ప్రొవిజనల్ సర్టిఫికెట్), ఓడీ (ఒరిజినల్ డిగ్రీ) మూడూ పెట్టండి. ఇండియా డిగ్రీకి క్రెడెన్షియల్ ఇవాల్యుయేషన్ (అమెరికా డిగ్రీల్లో దేనికి సమానమో చెప్పే నివేదిక) చేయించండి.

6. ఎఫ్-1 మీద ఉన్నవాళ్లు ఒక్క నిమిషం ఆగండి

ఎఫ్-1 వీసా ఇచ్చేది చదువు అయిపోగానే తిరిగి వెళ్తానన్న నమ్మకంతో. ఐ-140 వేయడమంటే ఇక్కడే ఉంటానని రాసివ్వడం. వీసా దరఖాస్తు అయిన డీఎస్-160 ఫారంలో ఇమిగ్రెంట్ పిటిషన్ ఎప్పుడైనా వేశారా అని సూటిగా అడుగుతారు. అక్కడ అబద్ధం చెప్పకూడదు, అవునంటే నానక్‌రాంగూడ కాన్సులేట్‌లో ఎఫ్-1 స్టాంపింగ్ (పాస్‌పోర్టులో వీసా వేయించుకోవడం) కష్టమవుతుంది. హెచ్-1బీకి ఈ ఇబ్బంది లేదు.

కాబట్టి వేసే ముందు మిమ్మల్ని మీరు అడగాల్సింది ఇది: వచ్చే రెండేళ్లలో నేను స్టాంపింగ్‌కు ఇండియా వెళ్లాల్సి వస్తుందా? చెల్లెలి పెళ్లి ఉందా, నాన్నకు ఆపరేషన్ ఉందా? వీసా గడువు ఇంకా ఉంటే కొంత నయం, అయినా విమానాశ్రయంలో అడిగే అవకాశం ఉంటుంది. ఓపీటీ (చదువు తర్వాత ఇచ్చే పని అనుమతి), స్టెమ్ పొడిగింపు (సైన్స్, ఇంజినీరింగ్ కోర్సులవాళ్లకు) కలిపి మూడేళ్లు చేతిలో ఉన్నవాళ్లు ఒకసారి ఊరికి వచ్చి వెళ్లి, ఆ తర్వాత వేయడం మంచిది.

ఇంకొకటి గట్టిగా గుర్తుంచుకోండి. అప్రూవ్ అయిన ఐ-140 ఒక్కటే ఉంటే అమెరికాలో ఉండే హక్కు గానీ, పనిచేసే హక్కు గానీ రాదు. ఓపీటీ అయిపోతే అయిపోయినట్టే.

7. ఆర్‌ఎఫ్‌ఈ వస్తే

అదనపు ఆధారాలు అడుగుతూ వచ్చే ఉత్తరం ఇది. టెన్షన్ పడొద్దు, తిరస్కరణ కాదు. గరిష్ఠంగా 84 రోజులిస్తారు. జవాబు ఒక్కసారే పంపగలరు, విడతలుగా కుదరదు. అధికారి ఏ ప్రశ్న వేశారో అదే క్రమంలో, అదే మాటలతో శీర్షికలు పెట్టి జవాబివ్వండి. పాత ఫైలునే మళ్లీ ప్రింటు తీసి పంపకండి. తిరస్కరిస్తే కొత్తగా వేసుకోవచ్చు, ఎన్నిసార్లయినా. కాకపోతే తిరస్కరించిన పిటిషన్ తేదీ మీకు దక్కదు.

8. గెలిచాక ఎదురుచూపు

మొదటి లాభం, ఈ ఐ-140 మీ సొంతం. లేఆఫ్ అయినా, కంపెనీ మారినా దాన్ని వెనక్కి తీసుకునే అవకాశం ఏ కంపెనీకీ ఉండదు. హెచ్-1బీని ఆరేళ్లు దాటాక మూడేళ్ల చొప్పున పొడిగించుకోవచ్చు. అయితే ఉద్యోగం పోతే కొత్తది వెతుక్కోవడానికి ఉన్న 60 రోజుల గడువు అలాగే ఉంటుంది. పిల్లలకు 21 ఏళ్లు నిండితే క్యూలోంచి జారిపోయే ప్రమాదం ఉంది, వాళ్ల వయసు లెక్క ఇప్పుడే వేసుకోండి.

ఒకే బస్సు కోసం నిలబడాలని లేదు. కెనడా ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో దేశాలవారీ కోటా లేదు. వయసు, చదువు, భాష, అనుభవం మీద పాయింట్లిస్తారు. ముప్పై దాటుతున్నకొద్దీ వయసు పాయింట్లు తగ్గుతాయి కాబట్టి ఆలస్యం పనికిరాదు. బ్రిటన్ గ్లోబల్ టాలెంట్ వీసాకు కూడా ఉద్యోగ ఆఫరు అక్కర్లేదు. రాయల్ సొసైటీ లాంటి సంస్థల ఆమోదంతో వెళ్లిన పరిశోధకులు మూడేళ్లకే శాశ్వత నివాసం అడగొచ్చు. ఎన్‌ఐడబ్ల్యూ కోసం తయారుచేసిన లేఖలు, ఆధారాలు చాలావరకు అక్కడా పనికొస్తాయి.

9. ఈలోగా ఊళ్లో తేల్చుకోవాల్సిన కాగితాలు

ఐ-140కు బర్త్ సర్టిఫికెట్ అక్కర్లేదు కాబట్టి అందరూ మర్చిపోతారు. ఐ-485 రోజున అది లేకుండా పని జరగదు. అందులో మీ పేరు, పుట్టిన తేదీ, ఊరు, అమ్మానాన్నల పేర్లు ఉండాలి. మన దగ్గర బిడ్డ పుట్టిన వెంటనే నమోదు చేస్తారు, పేరు పెట్టేది తర్వాత. అందుకే ఎన్నో సర్టిఫికెట్లలో పేరు గడి ఖాళీ. కొందరికి అమ్మ పేరు ఒకదాంట్లో లక్ష్మమ్మ, ఇంకోదాంట్లో లక్ష్మీదేవి. ఇంటిపేరు పాస్‌పోర్టులో పూర్తిగా, మెమోలో ఒక్క అక్షరంగా ఉంటుంది. ఇలాంటి తేడాలకు వన్ అండ్ సేమ్ అఫిడవిట్ (రెండు పేర్లూ ఒకే మనిషివన్న ప్రమాణపత్రం) చేయించి పెట్టుకోండి.

అసలు నమోదే లేకపోతే సచివాలయంలోనో మున్సిపాలిటీలోనో నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్ తీసుకోవాలి. పుట్టిన ఏడాది దాటాక నమోదు చేయించాలంటే మేజిస్ట్రేట్ స్థాయి ఉత్తర్వు కావాలి, కొన్ని నెలలు పట్టొచ్చు. ఆలస్యంగా నమోదైన సర్టిఫికెట్‌ను అమెరికావాళ్లు ఒంటరిగా నమ్మరు. పదో తరగతి మెమో, స్కూలు రికార్డు, అమ్మానాన్నలవో మీరు పుట్టినప్పటి సంగతి తెలిసిన పెద్దలవో రెండు అఫిడవిట్లు తోడు పెట్టాలి. ఆ పెద్దలు ఆరోగ్యంగా ఉన్నప్పుడే సంతకాలు చేయించుకోండి. తెలుగులో ఉన్న ప్రతి కాగితానికీ ధ్రువీకరించిన ఇంగ్లిష్ అనువాదం ఉండాలి.

ఊరి పేర్లతో ఇంకో తంటా. కడప స్పెల్లింగ్ 2005లో మారింది, పాత కాగితాల్లో సీ అక్షరంతో ‘కడ్డపా’ అని ఉంటుంది. అనంతపురానికి రెండు మూడు స్పెల్లింగులున్నాయి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక హిందూపురం శ్రీసత్యసాయి జిల్లాకు, ఆళ్లగడ్డ నంద్యాల జిల్లాకు వెళ్లాయి. కాగితాల్లో తేడా కనిపిస్తే, ఊరు అదే, జిల్లా పేరు మారిందని ఒక వాక్యం రాసి జతచేస్తే చాలు.

సంక్రాంతి అయ్యాక ఉండబట్టలేక పెద్దమ్మ కొడుక్కి ఫోన్ చేశాను. “అన్నా, అన్నీ రెడీగా ఉన్నాయి” అన్నాడు. బర్త్ సర్టిఫికెట్ ఫొటో పంపమన్నాను. రాత్రి పదింటికి వాట్సాప్‌లో వచ్చింది. తేదీ ఉంది, నాన్న పేరు ఉంది, ఆసుపత్రి పేరు ఉంది. పేరు గడిలో చిన్న గీత. పొద్దున్నే పెద్దమ్మను స్కూటర్ వెనక కూర్చోబెట్టుకుని బయల్దేరాను. వాడి పదో తరగతి మెమో చీర కొంగులో చుట్టి పట్టుకుని, “ఏమప్పా, అంత చదువు చదివినోనికి పేరే లేదా?” అని దారి పొడుగునా అడుగుతూనే ఉంది.